మూడో నాడె

నవంబర్ 6, 2008. గురువారం

ఈరోజు అమెరికాలో నలుగురు మనుషులను చూశాను. నా బామ్మర్ది సురేష్ నెట్ సెంటర్లో, కంప్యూటర్ తెర మీద.

ఆ దేశంలో ఓట్ల లెక్క అయింది. లోకమంతా గెలిచినవాడినీ వాడి చేతిలో ఓడినవాడినీ చూస్తోంది. సురేష్ మాత్రం అట్టడుగు వరుస మీద వేలు పెట్టాడు.

"గిది చూడు బావా. లిబర్టేరియన్ అంట. మూడో పార్టీ. సర్కారు మనిషి నెత్తినెక్కి కూసోవద్దు, నోటికి తాళమెయ్యొద్దు, నెట్టు మీద కావలి పెట్టొద్దు అంటరు. గీ చిన్న తాలూకాల నాలుగు ఓట్లొచ్చినయ్."

"నాలుగు వేలా?"

"నాలుగే!"

వాడు పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఓడిపోతామని తెలిసి, వరుసలో నిలబడి, ఆ గుర్తు మీదే వేలు పెట్టి ఇంటికి వెళ్ళిన నలుగురు! నిండు సభలో పెద్దలంతా తలలు వంచుకుంటే, కౌరవుల్లోనే పుట్టిన వికర్ణుడొక్కడు లేచి ఇది అధర్మం అనలేదా? ఆ నలుగురి పేర్లు నాకు తెలియవు. తెలిస్తే సోమవారం గుడిలో నేను చెప్పే పురాణంలో చెప్పేవాణ్ణి.

మా వాడలో అలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా? ఉన్నాడు. నేనున్నాను.

నవంబర్ 17. కార్తీక సోమవారం

గుడిలో వికర్ణుడి కథ చెప్పాను. మైకు పనిచేయలేదు, నా గొంతు పనిచేసింది. సత్తెమ్మ ఏడ్చింది. మా పద్మశాలి సంఘం అధ్యక్షుడు బాలరాజు కూడా కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. తల వంచుకున్న ఆ పెద్దలు తనలాంటివాళ్ళేనని ఆయనకు తట్టలేదు. మంచిదే.

గుడిలో అనలేనిది నెట్ సెంటర్లో అన్నాను. వెనక గదిలో నేను చెబుతూ పోయాను, సురేష్ టైపు చేస్తూ పోయాడు. గద్వాల చీరకు అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు కావాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే గానీ నేత సాగదు. రెండు నాడెలు రెండు అంచులు నేస్తాయి, జరీతో మెరుస్తాయి. మానం కాచేది మాత్రం మూడో నాడె నేసిన నడిమి బట్ట. అరవై ఏళ్ళుగా మనం ఈ అంచుకో ఆ అంచుకో ఓటు వేస్తున్నాం. అంచులు చుట్టుకుని బజారుకు పోగలమా? ఓ నేతగాళ్ళారా, మూడో నాడె ఎక్కడ?

అదే పేరు పెట్టి సురేష్ దాన్ని తన బ్లాగులో వేశాడు.

"కింద నీ పేరు రాయాల్నా బావా?"

"వద్దురా. చెప్పేది నేను కాదు, పలికించేవాడు వేరే. పురాణం చెప్పెటోడు పేరు ఏసుకుంటడా? ఏసుకుంటే అది పురాణం గాదు, సినిమా పోస్టరైతది."

"గట్లయితె మస్తు సేఫ్ గూడ."

ఆ మాట నాకు నచ్చలేదు. నేను భద్రత కోసం అనలేదు. మా నాన్న కూడా పేరు చెప్పుకోలేదు, ఆయన గురువూ చెప్పుకోలేదు.

డిసెంబర్ 2

బ్లాగులో ఆరో రాత వేశాం. అమెరికాలో ఎవరో చదివి శభాష్ అని రాశారట. ఇంతకీ నా మాటలు ఎక్కడ ఉంటాయిరా అని అడిగాను.

"అమెరికాల, మిషన్ల ఉంటయ్. ఆడ మాట మీద చెయ్యెయ్యనీకి సర్కారుకు గూడ హక్కు లేదు బావా. వాళ్ళ రాజ్యాంగంల మొట్టమొదటి సవరణే గది."

నా మాటలు సముద్రం దాటాయి. నా భార్య భాగ్యకు చెప్పలేదు. మగ్గం మీద నా పక్కనే కూర్చుని అంచు నాడె వేసే మనిషికి అన్నీ చెప్పాలని ఏముంది?

ఫిబ్రవరి 22, 2009

సంఘం కూర్చుంది. వచ్చే ఎన్నికల్లో వాడ ఓట్లన్నీ ఒకే గుర్తుకు. బదులుగా ఆ పార్టీ సంఘానికి ఫంక్షన్ హాలు కట్టిస్తుంది. మాట తప్పకుండా ఉగాది రోజు ఇంటికొకడు నాడె పట్టి ఒట్టు వేయాలి.

"పెద్దమందడి బాలయ్య సారు నిలబడుతుండు గదా, స్వతంత్రంగ," అన్నాడు గోవిందు. వాడికి నోరు ఆగదు. "మంచోడంటరు."

"మంచోడైతె ఇంట్ల పూజ చేస్కో," అన్నాడు బాలరాజు. "వేస్ట్ ఓటు."

బాలయ్య సారు రిటైరైన బడిపంతులు. నాగర్‌కర్నూల్ పార్లమెంటు సీటంతా స్కూటర్ మీద తిరుగుతున్నాడు. పోయిన వారం మా చౌరస్తాలో పది మంది ముందు నిలబడి, "నేను మీకు ఏమియ్య. మీ నోరు మీకు ఇడిపిస్త, గంతే," అన్నాడు. ఓట్లు అడిగేవాడు ఏమీ ఇవ్వనని చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

సంఘంలో లేచి అదే చెప్పాలనుకున్నాను. బాలరాజు నా వైపు తిరిగి, "మార్కండేయా, ఒట్టు చెప్పిచ్చేది నువ్వే గదా," అన్నాడు. ఆ సమయం సరైనది కాదు.

సరాసరి నెట్ సెంటర్‌కు వెళ్ళాను. ఆ కోపంలో వచ్చిన మాటలు నావి కావు, నిప్పువి. దేవుడి ముందు కులం ఓట్లు తాకట్టు పెడుతున్న బాలరాజు అని పేరుతోనే అన్నాను. సురేష్ వేళ్ళు ఆగాయి.

"పేరు తీసేద్దాం బావా."

"ఉండనీ! సభలో పేరు పెట్టి అడగనోడు వికర్ణుడెట్లయితడు?"

ఉంచాడు.

మార్చి 24

నెట్టులోని ఆ రాతను ఎవరో కాగితాల మీద ప్రింటు తీసి చౌరస్తా గోడల నిండా అంటించారు. బాలయ్య సారు మనుషులే అయ్యుండాలి. ఎవరైనా ఒకటే. మధ్యాహ్నం పోలీసులు వచ్చి కంప్యూటర్లు జీపులో వేసుకున్నారు, సురేష్‌ను కూడా. ఎన్నికల వేళ కులంలో, పార్టీల మధ్య చిచ్చు పెట్టాడని బాలరాజు ఫిర్యాదు, దాని మీద కేసు.

ఎవరు రాశారని అడిగితే, "నేనే" అన్నాడట.

మాటలు అమెరికాలో క్షేమంగా ఉన్నాయి. ఇప్పటికీ ఎవరైనా చదువుకోవచ్చు. మనిషి లాకప్పులో ఉన్నాడు.

రేపు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్తాను.

మార్చి 25

వెళ్ళలేదు. ఉగాది దాటనీ. పండగ పూట గుడికి పురాణం చెప్పేవాడు లేకుండా పోకూడదు.

మార్చి 27. ఉగాది

పంచాంగం చదవడం అయింది. దీపం ముందు పట్టుబట్ట పరిచి నాడె పెట్టారు. ఇంటికొక మగవాడు వచ్చి పట్టాలి. ఆడవాళ్ళు పట్టనక్కర్లేదు, మగవాడి ఒట్టులోనే ఇంటి ఓట్లన్నీ ఉంటాయని మా వాడ పద్ధతి. ఈసారి ఒట్టుకు ఇంకో ముక్క తగిలించారు. సంఘం చెప్పిన గుర్తుకే నా ఇంటి ఓట్లు. ఆ రాతలో నా చెయ్యి లేదు. అబద్ధమైతే నా మగ్గం మూలబడాలి.

బాలరాజు లేచి చెప్పాడు. "అది సురేష్‌గాని రాత గాదు. వానికి గంత తెలివి యాడిది? ఎవడో డిగ్రీ జదివినోడు రాసిచ్చిండు. నాడె పట్టుండ్రి, బయట పడ్తడు."

డిగ్రీ చదివినవాడు! నేను ఐదో తరగతి. మా నాన్న గ్రంథం ఒళ్ళో పెట్టుకుని వేలితో చూపిస్తే అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ క్షణంలో నాకు ముందుగా కలిగింది భయం కాదు, సంతోషం. ఇది ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కొక్కడే వచ్చాడు. నేను చెప్పించాను. నా గొంతు వణకలేదు.

గోవిందు వంతు రాగానే, "అన్నా, గట్టిగ పట్టాల్నా, మెల్లగ పట్టాల్నా?" అన్నాడు.

"పెండ్లాం జుట్టు గాదురా, పట్టు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి పెంటమ్మ, "ఆమెనే వీని జుట్టు పట్టుకుంటది," అనేసరికి గుడంతా నవ్వు. నేను కూడా నవ్వాను.

అందరూ అయ్యాక బాలరాజు నా చేతిలో నుంచి నాడె తీసుకుని, కళ్ళకు అద్దుకుని, పట్టుబట్టలో చుట్టేశాడు. నన్ను పట్టమని ఎవరూ అనలేదు. చెప్పించేవాడు పట్టడం ఎప్పుడూ లేదు.

నేను ఒట్టు వేయలేదు. అందుచేత నేను అబద్ధం ఆడలేదు.

ధర్మరాజు కూడా అబద్ధం ఆడలేదు. సగం మాట గొంతులో అన్నాడు, అంతే. ఆయన రథం ఆనాటి దాకా నేలకు నాలుగు వేళ్ళ పైన నడిచేదంటారు.

మార్చి 28

మగ్గం మీద కూర్చున్నాం. నేను నాడె వేశాను. భాగ్య వేయలేదు. చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"అందరికి పట్టిచ్చినవ్," అంది.

"పద్ధతి గదా."

"నువ్వు పట్టలే."

నేను పోగులు సర్దాను.

"వాడు రాత్రిళ్ళు నీ ఎంబడి కూసొని టైపు చేసిందేంది? నేను పిచ్చిదాన్న? అంచులంట, నడిమి బట్టంట. మా తమ్ముడు మగ్గమెక్కిన మొగోడా? వానికి నాడె తిప్పనీకొస్తదా?"

"భాగ్యా, జర నెమ్మదిగ..."

"నెమ్మదిగనే అంటున్న. వాడు నీ పేరు చెప్పలే. తెల్సా నీకు? దెబ్బలు తిని గూడ చెప్పలే."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కడు నేస్తే గద్వాల చీర కాదు. మగ్గం ఆగింది.

ఏప్రిల్ 2

స్టేషన్‌కు వెళ్ళాను. నిజంగా వెళ్ళాను. ఎస్సై మంచి మనిషే. కుర్చీ వేయించాడు. "ఏం పెద్దాయనా, బామ్మర్ది కోసమా?" అన్నాడు.

"ఆ రాతలు..." అన్నాను.

"చదివిన. మస్తు రాసిండు పోరడు. కోర్టుకు పంపినం, జైల్ల ఉన్నడు. ఇగ మా చేతుల లేదు," అంటూ చాయ్ తెప్పించాడు. శనిదోషం గురించి అడిగాడు. వాళ్ళ అమ్మాయికి సంబంధం కుదరడం లేదట.

చెప్పబోయాను. చాయ్ వచ్చింది. తాగాను. శనివారం నువ్వుల దీపం పెట్టమని చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 9

భాగ్య బస్సెక్కి జైలుకు వెళ్ళి తమ్ముణ్ణి చూసి వచ్చింది. నాకు పురాణం ఉంది.

"ఏమన్నడు?" అన్నాను.

"బావ మంచిగున్నడా అని అడిగిండు."

ఏప్రిల్ 16. గురువారం

ఓటు వేసి వచ్చాను. ఎండ విపరీతం. భాగ్య ఆడవాళ్ళ వరుసలో నా కంటే ముందే వేసి వెళ్ళిపోయింది.

ఎండ విపరీతంగా ఉంది.

ఏప్రిల్ 17

వేలి మీద సిరా పోవడం లేదు. ఓటు వేశాను. అంతే.

ఏప్రిల్ 30

సురేష్ బెయిలు మీద వచ్చాడు. సన్నబడ్డాడు. రాసింది తానేనని, తప్పయిందని, ఇక నెట్ సెంటర్ నడపనని రాసిచ్చాడు. బాలరాజు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడట.

నేను చెప్పాను: "రేపే పోయి అన్నీ చెప్త సురేషా. అవి నా మాటలని."

చేతులెత్తి దండం పెట్టాడు. "వద్దు బావా! నీ కాళ్ళు మొక్కుత. నాదే అని సంతకం పెట్టిన. ఇప్పుడు నువ్వు పోయి నీదంటె నాది దొంగ సంతకమైతది. మల్ల లోపలేస్తరు."

ఇది ఎంత సులభంగా తీరిపోయిందో! నేను మాట్లాడితేనే ఇప్పుడు వాడికి కీడు. నా మౌనమే ధర్మమైంది.

అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాను.

మే 16. శనివారం

లెక్క అయింది. సీటు గొడవ నాకెందుకు. మా వాడ బూత్‌లో బాలయ్య సారుకు పడింది ఒక్క ఓటు.

ఒక్కటి.

ఆ రోజు రాయనిది ఇప్పుడు రాస్తాను. మిషను మీద సారు గుర్తు కింద నుంచి రెండోది. నా వేలు అక్కడిదాకా వెళ్ళింది. బూత్ లెక్క బూత్‌కు విడిగా వస్తుందని గుర్తొచ్చింది. ఒక్కటి పడితే ఎవరిదని వెతుకుతారు, అందరూ నా ముఖం చూస్తారు. వేలు పైకి వచ్చింది. సంఘం గుర్తు నొక్కాను. మిషను కూత పెట్టింది.

నేను ఒట్టు కూడా వేయలేదు! నన్ను ఏదీ కట్టలేదు. అమెరికాలో ఆ నలుగురికి ఉన్నంత స్వేచ్ఛ ఆ అట్ట చాటున నాకూ ఉంది. దానితో నేను చేసింది ఇది.

మరి ఆ ఒక్కటి ఎవరిది? మగవాళ్ళందరి చేతా నేనే నాడె పట్టించాను. మగ్గం మీద ఒట్టు తప్పేవాడు మా వాడలో లేడు. సురేష్ ఆ రోజు జైల్లో ఉన్నాడు.

భాగ్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కిటికీలో నుంచి కనిపిస్తోంది. అడగలేదు.

మే 18

సురేష్ వచ్చాడు. గుమ్మంలోనే నన్ను కౌగిలించుకున్నాడు. ఏడుస్తున్నాడు.

"నాకు తెల్సు బావా. నువ్వే. జైల్ల గూడ అనుకున్న, బావ నోటితోని చెప్పకున్న ఓటు మాత్రం తప్పడని. గా ఒక్క ఓటు సాలు నాకు. సెంటర్ పోతె పోయింది, పీడ పాయె."

భాగ్య వంటింటి గడప మీద నిలబడి వింటోంది. కాదురా అనాలి. మూడు అక్షరాలు చాలు. వాడి వీపు నిమిరాను.

మే 20

బాలరాజు కబురు. ఆదివారం మళ్ళీ నాడె పట్టాలి. ఆ ఒక్క ఓటు ఎవడిదో తేలాలి. ఫంక్షన్ హాలు ఇచ్చేవాళ్ళు, మాట తప్పారంటూ మొండికేస్తున్నారట. తేలినవాడికి సంఘం నూలు బందు, కులం బందు.

మే 24. ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుడి నిండింది. సురేష్ బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు, లోపలికి రానివ్వలేదు. బాలరాజు పట్టుబట్ట విప్పి, "ఈసారి ముందుగాల నువ్వే పట్టు మార్కండేయా. నువ్వు పట్టలేదని ఆడోళ్ళు అనుకుంటుండ్రు," అన్నాడు.

నాడె చేతిలోకి తీసుకున్నాను.

ఆ ఓటు నాది కాదు అనవచ్చు. అది నిజం. ఇన్ని నెలల్లో మొదటిసారి దేవుడి ముందు పూర్తి నిజం చెప్పే అవకాశం నాకు దొరికింది. చెబితే గుమ్మం దగ్గర ఉన్నవాడు వింటాడు. వాడి ముఖం చూశాను. చెబితే ఇక మగవాళ్ళు అయిపోయాక వేళ్ళు ఆడవాళ్ళ వైపు తిరుగుతాయి. భాగ్యను కాపాడాలి. అవును, అప్పుడు నేను అనుకున్నది అదే.

"ఆ ఓటు నాది," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆపలేకపోయాను. "ఆ రాతలు కూడ నావే. ప్రతి మాట నాదే. సురేష్ వట్టిగ టైపు చేసిండు."

బాలరాజు తల అడ్డంగా ఊపాడు. "ఓటు వరకు నమ్ముత. నీకు చాదస్తం, నాకు ఎరుకనే. రాత మాత్రం నీది గాదు. బామ్మర్దిని కాపాడనీకి మీదేసుకుంటున్నవ్. ఐదో తరగతోడు గట్ల రాస్తడా?"

"రాయడు, రాయడు," అన్నారు.

నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మారు. నిజాన్ని జాలిపడి కొట్టేశారు. పురాణం పీట మీద నుంచి నన్ను దింపారు. నూలు రేపటి నుంచి రాదు. బయటికి వస్తే సురేష్ నా కాళ్ళకు మొక్కాడు. నిజం రాస్తున్నాను: ఆ క్షణం నాకు హాయిగా ఉంది. వికర్ణుడు లేచి నిలబడ్డప్పుడు ఇలాగే ఉండి ఉంటుందనుకుంటూ ఇంటికి వచ్చాను.

భాగ్య తలుపు మూసింది.

"నా ఓటు గూడ నీకే గావాల్నా?"

"నిన్ను కాపాడనీకే..."

"నన్నెవడు అడిగిండు? ఆడోళ్ళను అడగనే అడగరు గదా. పొద్దుందాక మొగోళ్ళకు పట్టిచ్చి, ఏం తేలక లేచి పోతుండిరి. నన్ను కాదు, మా తమ్ముని ముంగల నీ ముఖాన్ని కాపాడుకున్నవ్." కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాడు నీ మాటలు మీదేసుకుని జైలుకు పోయిండు. నేనొక్క పని నా అంతట నేను జేసిన. పుట్టినప్పటి సంది అదొక్కటే. అది గూడ నీ పేరు మీద రాపిచ్చుకున్నవా?"

గ్రంథం తెరిచాను. ఏ సభలోనైనా ఎవరైనా ఈ మాటకు జవాబు చెప్పారేమోనని.

మే 25

పొద్దున భాగ్య ఉతికిన చీర కట్టుకుంది. బాలరాజు ఇంటికి వెళ్తుందట. ఆ ఓటు నాది, నాడె తేండ్రి, నేను పట్టుకుంట అని చెబుతుందట. అప్పుడు నిన్న నేను నాడె పట్టి ఆడిన అబద్ధం బయటపడుతుంది. సురేష్‌కు కూడా తెలుస్తుంది. అన్నీ తెలుస్తాయి.

గుమ్మంలో ఆగి, "వస్తవా?" అంది.

కోపంగా అనలేదు. మామూలుగా, మగ్గం మీద కూర్చోవడానికి పిలిచినట్టే అంది.

"నువ్వు నడువు. వెనకాల్నే వస్త," అన్నాను.

వెళ్ళింది. వీధి మలుపు ఇంకా తిరగలేదు, ఇక్కడి నుంచి కనిపిస్తోంది. జరిగిన వరస మరిచిపోకముందే ఈ నాలుగు ముక్కలు రాసుకుని వెళ్దామని కూర్చున్నాను. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు మలుపు తిరిగింది. ఈ వాక్యం కాగానే లేస్తాను.